సంఘం పల్లెలో, ఆస్తి పట్నంలో: ఆంధ్ర లూథరన్ సంఘ నిర్మాణంపై ఒక పరిశీలన

హనుమకొండలో క్రైస్తవ సంఘాల గురించి అడిగితే మొదట బాప్టిస్టుల పేరే వినిపిస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో ఇక్కడ కేంద్రం తెరిచింది. ఇక్కడికి ఆగ్నేయంగా ఉన్న డోర్నకల్ 1912లో ఆంగ్లికన్ బిషప్పు పీఠమైంది; వి.ఎస్. అజరయ్య తొలి బిషప్పు. లూథరన్లు మాత్రం ప్రధానంగా గుంటూరు, గోదావరి జిల్లాల్లోనే వేళ్లూనుకున్నారు. ఒకరి క్షేత్రంలోకి మరొకరు రాకూడదని మిషన్లు చేసుకున్న సర్దుబాట్లు, నైజాం రాజ్యానికీ మద్రాసు ప్రెసిడెన్సీకీ మధ్య ఉన్న హద్దు ఇందుకు చాలావరకు కారణం. ఓరుగల్లు ప్రాంత పరిశోధకులు లూథరన్ చరిత్రను తమది కాదనుకోవడానికీ ఇదే కారణం కావచ్చు. అయితే విదేశీ మిషన్ స్థానిక సంఘంగా ఎలా మారుతుందన్న ప్రశ్నకు తెలుగునాట ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏ.ఇ.ఎల్.సి.) కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సి.ఎఫ్. హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. నందన కరువు జిల్లాను ఊడ్చేసి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అతనికి అండగా నిలిచాడు. మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకొని వచ్చిన హేయర్ పల్నాడులో గురజాల కేంద్రంగా పనిచేశాడు. రాజమండ్రిలో ఉత్తర జర్మనీ మిషన్ మొదలుపెట్టిన పని 1850 ప్రాంతంలో అమెరికన్ల చేతికొచ్చింది. ఆ తర్వాత అమెరికాలో లూథరన్లు చీలిపోయారు. ఆ చీలిక ఇక్కడ గుంటూరు ఒకరికి, రాజమండ్రి మరొకరికి అన్న పంపకంగా పరిణమించింది. రాజమండ్రి క్షేత్రాన్ని ఆంగ్లికన్లకు అప్పగించబోతున్నారని తెలిసి, డెబ్బై ఆరేళ్ల హేయర్ 1869లో మూడోసారి ఓడెక్కాడు.

గోదావరి లూథరన్లకూ గుంటూరు లూథరన్లకూ మధ్య విశ్వాసంలో తేడా లేదు. వాళ్లను విడదీసింది పెన్సిల్వేనియాలో జరిగిన తగవు. అక్కడ 1918లో రాజీ కుదిరితే ఇక్కడి మిషన్లు కలిశాయి, 1927లో ఏ.ఇ.ఎల్.సి. ఏర్పడింది. దేశీయ సంఘమని పేరైతే పెట్టుకున్నారు గానీ, 1944లో ఇ. ప్రకాశం వచ్చేదాకా అధ్యక్షపీఠంపై భారతీయుడు కూర్చోలేదు. 17 ఏళ్ల ఈ ఎడాన్ని సంఘ చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నా దృష్టిలో అసలు చరిత్ర అక్కడే ఉంది.

నిర్మాణం చూద్దాం. అడుగున పల్లె సంఘం. కొన్ని సంఘాలు కలిస్తే ప్యారిష్. ప్యారిష్‌ల పైన సినడ్. అన్నిటి పైనా గుంటూరులోని కేంద్ర కార్యాలయం. మధ్య గుంటూరు, పశ్చిమ గోదావరి వంటి సినడ్ల పేర్లు వింటే పాత మిషన్ క్షేత్రాల పటమే కళ్లముందు కదులుతుంది. గుంటూరు పట్నంలో వెస్ట్ ప్యారిష్, నార్త్ ప్యారిష్ అంటే ఏ గుడో రిక్షావాడికి కూడా తెలుసు.

పల్లె సంఘాన్ని నిలబెట్టింది ఉపదేశి. అతను పగలు బడిలో పంతులు, సాయంత్రం ప్రార్థన నడిపేవాడు, వివాహాలకూ చావులకూ పెద్ద దిక్కు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో అక్షరం అడుగుపెట్టింది చాలాచోట్ల అతని పలకతోనే. సంఘానికి ఆదాయం పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరుతుంది. కోత పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేస్తారు. కూలి మీద బతికే ఆడవాళ్లు కూడబెట్టిన ఈ ఆదాయానికి అమెరికా బోర్డుల నివేదికల్లో తగిన చోటు దక్కలేదు.

పట్నం సంగతి వేరు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టించిన ఆసుపత్రి, 1885లో మొదలై తర్వాత ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ అయిన విద్యాలయం, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల, రాజమండ్రిలోని లూథర్‌గిరి వేదాంత పాఠశాల: ఇవన్నీ మిషన్ ఆస్తులు. ఆ శిక్షణ పాఠశాలలోనే కవి గుర్రం జాషువ పదేళ్లు పనిచేశాడు. ఈ ఆస్తులు సంఘం చేతికొచ్చాక ఎన్నిక అంటే కేవలం ఆత్మీయ నాయకత్వానికి జరిగే ఎన్నిక కాకుండా పోయింది. తగాదాలు కోర్టులకెక్కాయి. పదవికి అధ్యక్షుడు అన్న పేరు పోయి బిషప్పు వచ్చినా తగాదా స్వభావం మారలేదు.

ఆఫ్రికాతో పోల్చి చూస్తే ఏ.ఇ.ఎల్.సి. నిర్మాణం మరింత స్పష్టమవుతుంది. 1963లో ఏడు లూథరన్ సంఘాలు కలిసి టాంజానియా సంఘమయ్యాయి. స్టెఫానో మోషి తొలి అధినేత. అక్కడ బరువంతా డయోసిస్‌ల మీదే ఉంది. 1959లో ఏర్పడిన ఇథియోపియా మెకానె యేసుస్ సంఘం మాత్రం ఏ.ఇ.ఎల్.సి. తొలి రూపానికి దగ్గర: బిషప్పు లేడు, సినడ్లున్నాయి, అధ్యక్షుడున్నాడు. గురువు కాని ఎమ్మానుయేల్ అబ్రహాం అక్కడ రెండు దశాబ్దాలకు పైగా అధ్యక్షుడిగా ఉన్నాడు. ఇథియోపియాకూ మనకూ మధ్య ఇంకో లంకె ఉంది. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ ఇథియోపియాలోని ఒరొమో జనం కోసం పుట్టింది. అక్కడికి దారి దొరక్క దక్షిణాఫ్రికా వెళ్లింది, 1860లలో సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలకూ వచ్చింది. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం అదే.

1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు మొదలైనవారు కలిసి దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు లూథరన్లు బయటే ఉన్నారు. 1964లో మాత్రం రాజమండ్రిలో మొదలైన ఉమ్మడి వేదాంత కళాశాలలో బాప్టిస్టులతో, మిగతా సంఘాలతో ఒకే బల్లపై కూర్చున్నారు. ఆ కళాశాల తర్వాత హైదరాబాదుకు మారింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉంచింది. ఫలితంగా దళిత క్రైస్తవులకు వెనుకబడిన తరగతుల్లోని బి.సి.-సి కిందే గుర్తింపు. ఎస్సీ గుర్తింపు పోకూడదని కొందరు ప్రభుత్వ లెక్కల్లో హిందువులుగానే నమోదవుతారు. కాబట్టి ప్యారిష్ బాప్తిస్మపు రిజిస్టరులో ఉన్నవారి లెక్కకూ జనగణన లెక్కకూ పొంతన కుదరదు. ఎవరు ఎక్కడ పేరు రాయించుకున్నారో, ఎందుకో తెలియాలంటే ఆ రిజిస్టర్లే ఆధారం.

అవి పాస్టర్ల ఇళ్లలో చెదలు పట్టిపోకముందే స్కాన్ చేయించాలని సినడ్లకు, పల్లె సంఘాల పిడికెడు బియ్యం లెక్కల మీద పనిచేయాలని కాకతీయ విశ్వవిద్యాలయ చరిత్ర పరిశోధకులకు నా మనవి.