విరమణా, విరామమా?

కమలాపురం దాటుతుండగా బస్సులో ఎవరి ఫోన్లోనో వార్తలు. "కాల్పుల విరమణ" అని వినగానే పక్క సీటు పెద్దాయన "ఎన్ని దినాలకంట?" అన్నాడు. నవ్వొచ్చింది. కానీ ఆ మాటలోని లొసుగు ఆయనకు దొరికింది.

విరమణ అంటే మనకు ఇక మానేయడం. పదవీ విరమణ చేసిన హెడ్‌మాస్టరు సోమవారం మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చోడు. ఆగి సాగేదానికి విరామం ఉంది. సినిమా సగంలో తెరమీద పడేది అదే. రెండూ 'వి' చేరిన 'రమ్' ధాతువు పిల్లలే. సంస్కృతంలో వాటికింత ఎడం లేదు, తెలుగు వాడుకే వేరు కాపురం పెట్టించింది. పత్రికలేమో తుపాకులు నాలుగు రోజులు ఆగినా విరమణే అంటాయి.

2004లో ఆ మాటను మన రాష్ట్రమంతా నమ్మింది. జూన్‌లో ప్రభుత్వమూ నక్సలైట్లూ కాల్పులు ఆపారు. అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో ఎదురెదురుగా కూర్చున్నారు. 2005 జనవరికల్లా మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. విరామమనే అనుకుని ఉంటే ఆశ కాస్త అదుపులో ఉండేదేమో. కొరియాలో తిరకాసు ఇంకోరకం: 1953 జూలై 27న ఆపారు, శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. అది విరమణలాగా ముసలిదైపోయిన విరామం.

మహాభారతంలో పొద్దుగూకితే సేనలను వెనక్కి మళ్లించడానికి 'అవహారం' అని పేరు. తెల్లారితే మళ్లీ యుద్ధమేనని ఇరుపక్షాలకూ తెలుసు గనక అందులో మోసం లేదు. అమరకోశంలో అదే మాటకు మొసలి అని కూడా అర్థం! కదలకుండా పడుకున్న మొసలిని చూసినవాళ్లకు రెండర్థాలూ ఒకటే అనిపించవచ్చు, వ్యుత్పత్తి ఒప్పుకోకపోయినా.

మా సీమలో చెల్లే మాట 'రాజీ'. అరబ్బీలో సమ్మతించినవాడు, తృప్తిపడినవాడు అని అర్థం. పారసీ, ఉర్దూల మీదుగా ఊళ్లకు వచ్చింది. ఇక్కడ రాజీకి తృప్తి అక్కర్లేదు, నడుమ పెద్దమనుషులుంటే చాలు. హత్య కేసులో చట్టం రాజీని ఒప్పుకోదు. అందుకే రాజీ ఊళ్లో జరుగుతుంది, కోర్టులో సాక్షుల జ్ఞాపకశక్తి తగ్గుతుంది.

పూర్తిగా తెలుగులోనే రాతికెక్కిన తొలి శాసనాల్లో ఒకటి, క్రీ.శ. 575 ప్రాంతంది, ఒకప్పటి కమలాపురం తాలూకా కలమళ్లలోనే దొరికింది. అంత పాత మాటల నేలలో ఆగిన పోరుకు సొంత మాట లేకపోతుందా అని నా అనుమానం. దిగేముందు పెద్దాయన్ను అడిగాను:

"మీ ఊర్లో ఆ రెండు పార్టీలు రాజీ అయినారంట గదా పెదనాయనా?"

"రాజీ ఎక్కడిదబ్బా," అన్నాడు సంచి సర్దుకుంటూ. "ఊరకుండారు."