కుళ్ళిన కాలుకి దోషి ఎవరు?

పాము కరిచిన కాలు నల్లబడి కుళ్ళితే సిరహాను పిలవడం, ఏ ఒంటరి ముసలమ్మనో టోనహీ అని అనుమానించడం బస్తర్‌లో ఎరిగిన కథే. దాన్ని ఆపడానికే ఛత్తీస్‌గఢ్ 2005లో చట్టం చేసింది. మంచిదే. కానీ అసలు దోషి ఎవరో కూడా చెప్పాలి కదా!

గాంగ్రీన్ అంటే రక్తం అందక కండ చచ్చిపోవడం. చచ్చిన కండలో సూక్ష్మజీవులు చేరితే వాపు, కంపు, చివరికి ప్రాణాపాయం. 1715లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కాలు కుళ్ళే పోయాడు. ఆయనకెవరు చేతబడి చేశారట?

పాముకాటులో ఇది రెండు దారుల్లో వస్తుంది. రక్తపింజర విషం కండని నేరుగా చంపుతుంది. రెండోది మనవాళ్ళు చేతులారా తెచ్చేది: విషం పైకెక్కకూడదని తాడు బిగించి, మంత్రం అయ్యేదాకా గంటలకొద్దీ ఉంచడం.

మన విశాఖపట్నంలో కంపెనీ కొలువు చేసిన పాట్రిక్ రస్సెల్ ఆ రక్తపింజరనే 'కాటుక రేకుల పొడ' అని తెలుగు పేరుతో 1796 నాటి తన పుస్తకంలో వర్ణించాడు. కోళ్ళనీ కుక్కలనీ పాములతో కరిపించి విషం ఏం చేస్తుందో చూశాడు (పాపం కోళ్ళు!). సిరహా మంత్రానికి అలాంటి పరీక్ష ఎవరు పెట్టారు? చాలా పాములకి విషమే లేదు, ఉన్నవీ ప్రతి కాటుకీ దింపవు. అలా బతికినవాళ్ళంతా సిరహా ఖాతాలోకి, చచ్చినవాళ్ళు తలరాత ఖాతాలోకి!

విరుగుడు సీరం 1890ల్లోనే వచ్చింది. కాబట్టి తాడు కట్టకండి, కాలు కదపనీయకుండా ఆసుపత్రికి చేర్చండి. ఎవరైనా అప్పటికే బిగించేసి ఉంటే మాత్రం దారిలో విప్పకండి, సీరం సిద్ధంగా పెట్టుకుని డాక్టరే విప్పాలి.