నర్సమ్మ చదువు – నాడు, నేడు

మన ఇళ్లలో ఆడపిల్ల నర్సింగు పూర్తి చేసి, కౌన్సిలులో పేరు నమోదు చేయించుకుని, సనదు చేతికి తెచ్చుకున్న రోజున మిఠాయి పంచుతాము. “హమ్మయ్య, చదువు అయిపోయింది” అంటాము. అసలు అయిపోయిందా? దీనికి జవాబు మన దేశపు నర్సింగు చరిత్రలోనే ఉన్నది.

కోస్తా ఆంధ్ర, రాయలసీమలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1926లో, అక్కడ నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషను చట్టం వచ్చినది. శిక్షణ పొందినవారెవరో, పొందనివారెవరో ప్రజలకు తెలియజెప్పే పట్టిక ఏర్పడినది. 1943లో నియమింపబడిన సర్ జోసెఫ్ భోర్ కమిటీ 1946లో నివేదిక సమర్పించేనాటికి దేశం మొత్తం మీద నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 జనాభాకు ఒక్కరు! అదే సంవత్సరం ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సింగు డిగ్రీ చదువు మొదలైనది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చి, దేశమంతటా చదువుకు ఒకే ప్రమాణం ఉండాలన్నది. కొత్త నర్సులను తయారు చేయడమే ఆనాటి పెద్ద చింత.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమై, దానితో పాటు పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, కాన్పులు చూసే ఏ.ఎన్.ఎం.లను అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్తలుగా మార్చమన్నది. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు ‘అందరికీ ఆరోగ్యం’ అని ప్రకటించి, ప్రాథమిక వైద్యమే దానికి దారి అన్నాయి. నర్సమ్మ మీద పని పెరుగుతూ పోయినది. పనిని ఒక్క ఉత్తరువుతో పెంచవచ్చు గాని, తెలివిడిని ఉత్తరువుతో పెంచలేము గదా!

పైగా వైద్యశాస్త్రం ఒకచోట నిలిచేది కాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బ్రతికించారు. అదే ఓ.ఆర్.ఎస్. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పొడిలో ఉప్పు, గ్లూకోజు పాళ్లు తగ్గించినది. 2004లో విరేచనాల పిల్లలకు జింకు కూడా ఇవ్వమన్నది. గర్భిణికి వచ్చే గుర్రపువాతం సంగతీ అంతే. 1995లో వెలువడిన పరిశోధనలో, మళ్లీ ఫిట్స్ రాకుండా ఆపడానికి డయాజిపామ్ కంటె మెగ్నీషియం సల్ఫేట్ మేలని తేలినది. 2005 తరువాత మన ప్రభుత్వం, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, ఏ.ఎన్.ఎం.లు ఆ మొదటి ఇంజక్షను ఇచ్చి ఆ తరువాతే పెద్దాసుపత్రికి పంపవచ్చన్నది. ఆ శిక్షణ మూడు వారాలు. ఆ మూడు వారాల చదువు ఉన్నచోట తల్లి దారిలో ప్రాణం నిలుపుకుంటుంది. లేనిచోట మందు బీరువాలోనే ఉండిపోతుంది.

ఈ సత్యం గ్రహించే నర్సింగ్ కౌన్సిల్, రిజిస్ట్రేషను అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలని, అందుకు 150 గంటల నిరంతర విద్య చూపాలని నిబంధన చేసినది. 2018 నుండి ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చినప్పుడు, వాటిని నడపబోయే నర్సులకు ఆరు నెలల కోర్సు పెట్టారు. బి.పి., షుగరు, నోటి క్యాన్సరు వంటివి ఊళ్లోనే ముందుగా పసిగట్టడం వారి పని.

నిబంధన మంచిదే. కాని గంటలు ఎక్కడినుంచి వస్తాయి? నేను ఉర్దూ మీడియం బడిపంతులును. మాకూ శిక్షణలుంటాయి. అయితే వేసవి సెలవులలో పెడితే మా బడికి నష్టం లేదు. ఆరోగ్య కేంద్రానికి సెలవులెక్కడివి? మా ఆపా కూతురు ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో నర్సు. శిక్షణకు పిలుపు వస్తే, “మామూ, నా బదులు డ్యూటీకి ఎవరూ లేరు” అంటుంది. ఆదివారం ఇంట్లో కూర్చుని చదువుదామంటే వంట, పిల్లలు, అత్తగారి సేవ. చివరికి ఎక్కడో సంతకం పెట్టి గంటలు లెక్క చూపించుకోవాలనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. అప్పుడు కాగితం నిండుతుంది, బుర్ర నిండదు.

కావున పెద్దలకు నా మనవి ఒక్కటే. నర్సింగు సీటుకు ఫీజు కట్టడంతో మన బాధ్యత తీరలేదు. ఉద్యోగం చేస్తున్న కోడలు, కూతురు శిక్షణకు వెళతానంటే ఆ నాలుగు రోజులు ఇల్లు మనం చూసుకుందాము. ఆమె బదులు డ్యూటీకి మనిషిని ఇమ్మని అధికారులను మర్యాదగా అడుగుదాము. రాత్రివేళ నొప్పులతో పోయే మన బిడ్డకు తలుపు తీసేది ఆ నర్సమ్మే. ఆమె చదువు ఆగితే నష్టపోయేది మనమే.