పేరిణి మద్దెల, మందు సూది

ఓరుగల్లు నేలిన గణపతిదేవుని గజసాహిణి (గజసేనాధిపతి) యైన జాయప 13వ శతాబ్ది నడుమ రచించిన నృత్తరత్నావళిలో పేరిణి నృత్యమును వర్ణించెను. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్పగుడి శిల్పములను పరిశీలించి, ఆ లుప్తనృత్యమును నటరాజ రామకృష్ణగారు పునరుద్ధరించిరి. యుద్ధమునకు వెడలు వీరులు శివసన్నిధిని మృదంగధ్వనికి నర్తించి ఆవేశమును ఆవాహనము చేసికొనెడివారని ఐతిహ్యము. ఉన్నదానికి మించిన బలమును కోరుట మానవునకు సహజమే. ఆ బలము లయనుండి, సాధననుండి పుట్టుటయే నాకు పూజ్యము. కాని దానిని మందులలో వెదకువారును క్రీడారంగమున కలరు. 1968లో ఒలింపిక్సునందు మందుల పరీక్షలు మొదలైనప్పుడు పట్టుబడిన స్వీడను క్రీడాకారుడు లిలియెన్‌వాల్, గురి చెదరకుండుటకై బీరు త్రాగినవాడు. స్టెరాయిడ్లను పసిగట్టు పరీక్ష 1976 మాంట్రియల్ క్రీడలదాక రానేలేదు. హనుమకొండ మైదానమున వేకువనే పరుగెత్తు పిల్లలను చూచినప్పుడెల్ల, ఆ మందు సూది వీరి చేతిని తాకకుండుగాక యని నా మనసు తల్లడిల్లును.