సీతాకోకచిలుకకు అంటించిన చీటీ

శరత్కాలము వచ్చుసరికి కెనడా దక్షిణ ప్రాంతములనుండియు, అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తర భాగములనుండియు మోనార్క్ అను సీతాకోకచిలుకలు కానరాకుండపోవును. నారింజవన్నె రెక్కలు, వానిపై నల్లని ఈనెలు, బరువు సుమారు అర గ్రాము. ఇంతటి అల్పప్రాణి ఆ దేశపు మంచును తట్టుకొనజాలదు. పడమటి తీరమందలి మోనార్కులు కాలిఫోర్నియాలో శీతకాలము గడపునని ముందే తెలియును. రాకీ పర్వతములకు తూర్పుననున్న కోట్లాది మోనార్కులు ఎచటికి పోవుచున్నవో మాత్రము శాస్త్రజ్ఞులకు అంతుపట్టలేదు. ఆ చోటు తెలియుటకు దాదాపు 40 ఏండ్లు పట్టినది. దానిని కనుగొన్నది ఎవరు అను ప్రశ్న నేటికిని విచారింపదగియున్నది. అందుచేతనే ఆ చరిత్రను మేమిచట సంగ్రహముగా చెప్పబూనితిమి.

టొరాంటో నగరమున జంతుశాస్త్రము బోధించిన ఫ్రెడ్ ఉర్‌క్వార్ట్, ఆయన సతి నోరా, సీతాకోకచిలుక రెక్కకు చిన్న కాగితపు చీటీ అంటించి విడిచిపెట్టవలెనని తలచిరి. దానిపై ఒక సంఖ్య. దొరకినచో టొరాంటో విశ్వవిద్యాలయమునకు పంపుడను ప్రార్థన. మొదట జిగురు పూసిన చీటీలు వాడిరి. వాన కురియగానే అవి ఊడిపోయెను. పిమ్మట దుకాణములలో సరకులకు వెల తెలుపుటకు అంటించు చీటీల వంటివి తెప్పించి, రెక్క అంచున పొడి వంటి పొలుసులను మెల్లగా తుడిచి, చీటీని మడిచి అంటించిరి. అవి నిలిచెను.

చీటీ నిలిచినను, ఖండమంతయు ఇరువురు మనుష్యులు తిరుగజాలరు కదా! 1952లో నోరా ఒక పత్రికలో వ్యాసము వ్రాసి, తోడ్పడువారు కావలెనని కోరెను. ముందుకు వచ్చినవారు 12 మంది. 1971 నాటికి వారి సంఖ్య సుమారు 600కు పెరిగెను. వీరిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు, రైతులు ఉండిరి. ఎవరికిని జీతము లేదు. పట్టిన దినము, చోటు, చీటీ సంఖ్య వ్రాసి పంపుటయే వారి పని. చీటీలు తిరిగి దొరకిన చోట్లను పటముపై గుర్తించి చూడగా, గీతలన్నియు నైరుతి దిశగా టెక్సాస్ మీదుగా మెక్సికో వైపు సాగుచుండెను. అచ్చట జాడ తప్పిపోవుచుండెను.

1972లో నోరా మెక్సికో పత్రికలకు లేఖలు వ్రాసెను. మెక్సికో నగరమున నివసించుచున్న కెన్ బ్రుగ్గర్ అను అమెరికను 1973 ఫిబ్రవరిలో బదులు వ్రాసెను. ఆయనయు, మిచోవకాన్ రాష్ట్రమున పుట్టిన కటలీనా అగ్వాదోయు కొండదారులు పట్టి వెదకిరి, గ్రామస్థులను అడిగిరి. 1975 జనవరిలో, సముద్రమట్టమునకు సుమారు 3,000 మీటర్ల ఎత్తున, ఒయమెల్ అను సతతహరిత వృక్షముల కొమ్మలు, బోదెలు కనబడనంతగా క్రమ్ముకొనియున్న మోనార్కులను వారు కాంచిరి.

1976 జనవరిలో ఉర్‌క్వార్ట్ దంపతులు స్వయముగా ఆ కొండ ఎక్కిరి. భారము మోయలేక ఒక కొమ్మ విరిగిపడెను. ఆ నేలరాలిన వానిలో ఒకదాని రెక్కపై తెల్లని చీటీ కనబడెను. అంతకు ముందటి ఆగస్టులో మిన్నెసోటా రాష్ట్రమున ఒక ఉపాధ్యాయుడును ఇద్దరు విద్యార్థులును అంటించిన చీటీ అది. దాదాపు 3,000 కిలోమీటర్ల ప్రయాణమునకు అదియే ప్రత్యక్ష సాక్ష్యము. ఆ ఏటి ఆగస్టులో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఈ వార్తను లోకమునకు చాటెను. అడవికి హాని కలుగునేమోయని సరియైన చోటును మాత్రము వెల్లడింపలేదు.

అయితే ఆ కొండవాసులకు ఈ సీతాకోకచిలుకలు క్రొత్తవా? కానేకావు. ప్రతి ఏట నవంబరు ఆరంభమున, మృతులను స్మరించు పండుగనాళ్లలో, అవి గుంపులుగా వచ్చుట వారు తరతరములుగా ఎరుగుదురు. మనము మహాలయ పక్షమున పితృదేవతలను తలచునట్లు, మరణించిన ఆప్తుల ఆత్మలే ఈ రూపమున వచ్చునని వారి విశ్వాసము. ఎక్కడికి వచ్చునో వీరికి తెలియును, ఎక్కడినుండి వచ్చునో తెలియదు. ఉత్తరాదివారికి ఎక్కడినుండి బయలుదేరునో తెలియును, ఎక్కడికి చేరునో తెలియదు. ఈ రెండు సగములను ఒకటిగా కుట్టినది ఆ కాగితపు చీటీ. కనుక ఈ కీర్తిని ఏ ఒక్కరి పేరను వ్రాయుట న్యాయము కాదని మా అభిప్రాయము.

చోటు తెలియుట వలననే రక్షణ ఆలోచనయు కలిగినది. మెక్సికో ప్రభుత్వము 1986లో ఆ అడవులలో కొంత భాగమును రక్షితప్రాంతముగా ప్రకటించి, 2000లో దానిని విస్తరించెను. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చెను. ఐనను 1996-97 శీతకాలమున సుమారు 18 హెక్టార్ల అడవిలో క్రమ్ముకొన్న మోనార్కులు, 2013-14లో 0.67 హెక్టారునకు కుదించుకుపోయెను. చెట్లు నరకుట, వాతావరణపు ఒడుదొడుకులు, పొలములలో కలుపుమందులు చల్లుట ఇందుకు కారణములు. మోనార్క్ గొంగళిపురుగు తినునది పాలుగారు ఒక జాతి మొక్కల ఆకులనే. రైతుకు అది కలుపు. ఆ మొక్క మన జిల్లేటికి బంధువు. మన జిల్లేటి ఆకును తిని పెరుగు నారింజవన్నె సీతాకోకచిలుకయు మోనార్కునకు దగ్గరి చుట్టమే.

ఈ కుటుంబమునకు చెందిన మరికొన్ని జాతులు వానకారు ననుసరించి తూర్పు, పడమటి కనుమల నడుమ గుంపులుగా కదలుచుండుటను మన దక్షిణదేశమున ఔత్సాహికులు గమనించి నమోదు చేయుచున్నారు. పెరటిలోనో పొలముగట్టుననో అట్టి గుంపు కనబడినప్పుడు, ఏ దినమున, ఏ వేళ, ఏ ఊర, ఏ దిక్కునకు పోవుచున్నవో ఒక పుస్తకమున వ్రాసియుంచుట పాఠకులలో ఎవ్వరికైనను సాధ్యమైన పని. 1952లో పిలుపు నందుకొన్న ఆ 12 మంది ఆరంభించినదియు ఇంతమాత్రమే.