ఒడెస్సీ అండ్ ఒరాకిల్

ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్‌లో పుట్టిన ద జాంబీస్ బృందం రెండవ ఆల్బం. 1967లో ఎక్కువ భాగం ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డయి, 1968 ఏప్రిల్‌లో సీబీఎస్ రికార్డు సంస్థ ద్వారా విడుదలైంది. 12 పాటల్లో ఏడు బృంద సభ్యుడు క్రిస్ వైట్‌ రాసినవి, ఐదు మరో సభ్యుడు రాడ్ ఆర్జెంట్‌ రాసినవి.

కేటాయించిన సొమ్ము సుమారు వెయ్యి పౌండ్లే. అందుకే పాటలను ముందే క్షుణ్ణంగా సాధన చేసుకొని స్టూడియోకి వెళ్లారు. వాద్యబృందాన్ని పిలిచే స్తోమత లేక, టేపుల్లో రికార్డు చేసిన వాద్యాల ధ్వనులను పలికించే మెల్లోట్రాన్ అనే కీబోర్డు వాడారు. ఆ పొగమంచులాంటి నాదమే ఆల్బానికి ప్రాణమైంది. గాయకుడు కోలిన్ బ్లన్‌స్టోన్ గొంతులో ఆర్భాటం ఉండదు, ఊపిరి వినిపిస్తుంది. ఆ కాలపు సైకెడెలిక్ సంగీతం రంగుల కలల్లో తేలుతుంటే, వీరు నిజమైన మనుషుల కథలు చెప్పారు. ‘కేర్ ఆఫ్ సెల్ 44’ జైలు నుంచి విడుదల కాబోతున్న ప్రియురాలికి రాసిన ఉత్తరం. ‘బుచర్స్ టేల్’లో మొదటి ప్రపంచయుద్ధ సైనికుడి వణుకును వైట్ స్వయంగా పాడాడు. ఇంత ధైర్యమైన పాట ఆనాటి పాప్‌లో అరుదు.

విడుదలకు ముందే బృందం విడిపోయింది. అమ్మకాలూ అంతంతమాత్రమే. అయితే దీన్ని అమెరికాలో విడుదల చేయాలని అక్కడి సంగీతకారుడు అల్ కూపర్ పట్టుబట్టాడు. 1969లో ఇందులోని ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ పాట అక్కడి బిల్‌బోర్డ్ పట్టికలో మూడో స్థానానికి చేరింది. అయినా ఆ ఒక్క పాటతో ఆగకూడదు. మొదటి పాట నుంచి వరసగా వింటేనే ఈ ఆల్బం విలువ తెలుస్తుంది.