బ్రిటిష్ రాజకీయములలో లిబరల్ – లేబర్ మైత్రి

బ్రిటిష్ పార్లమెంటు చరిత్రలో పక్షముల మధ్య పొత్తులు అనేకములు కలవు. వానిలో 1903వ సంవత్సరమున లిబరల్, లేబర్ నాయకుల మధ్య కుదిరిన రహస్యపుటొడంబడిక విలక్షణమైనది. ఉభయులును తామాశించిన లాభమును పొందిరి. అయినను ఇరువది యేండ్లు గడచునప్పటికి చేయూతనిచ్చిన పక్షము మూడవ స్థానమునకు దిగజారెను; చేయూతను పొందిన పక్షము ప్రభుత్వమును చేపట్టెను. ఇట్లేల జరిగెను?

ఈ కథకు మూలము 1874లో కలదు. ఆ యేడు గని కార్మికులైన థామస్ బర్ట్, అలెగ్జాండర్ మెక్డొనాల్డ్ లిబరల్ పక్షము నండగొని కామన్సు సభలో ప్రవేశించిరి. కాని స్థానిక లిబరల్ సంఘములపై ధనికులకును వృత్తినిపుణులకును పెత్తనముండెను. కార్మికుని అభ్యర్థిగా నిలుపుటకు వారు తరచు వెనుదీసిరి. 1888లో కెయిర్ హార్డీ అట్టి నిరాకరణమునకు గురియై, స్వతంత్రుడుగా పోటీచేసి ఓడిపోయెను. 1900 ఫిబ్రవరిలో కార్మిక ప్రాతినిధ్య సంఘము పుట్టెను. ఆ యేటి యెన్నికలలో దానికి దక్కినవి రెండు స్థానములే. 1901లో టాఫ్ వేల్ రైల్వే వ్యాజ్యమున, సమ్మెవలన కలిగిన నష్టమునకు కార్మిక సంఘమే బాధ్యురాలని ప్రభువుల సభ తీర్పు చెప్పెను. ఆ శాసనము మారవలెనన్న చట్టసభలో తమవారుండవలెనని కార్మికులు గ్రహించిరి.

బ్రిటనులో అధిక సంఖ్యాకమైన వోట్లు వచ్చినవానిదే గెలుపు. లిబరల్, లేబర్ అభ్యర్థులు పరస్పరము పోటీపడి వోట్లు చీల్చుకొన్నచో కన్సర్వేటివు గెలుచును. కావున లిబరల్ పక్షపు విప్పు హెర్బర్ట్ గ్లాడ్‌స్టన్, కార్మిక ప్రాతినిధ్య సంఘ కార్యదర్శి రామ్సే మెక్డొనాల్డ్ కొన్ని స్థానములలో పోటీ మానుకొనుట కంగీకరించిరి. ఇద్దరు సభ్యులను పంపు లెస్టరు నియోజకవర్గమున 1906లో మెక్డొనాల్డును, లిబరల్ అభ్యర్థియు ఒకప్పటి రాతిపనివాడునైన హెన్రీ బ్రాడ్‌హర్స్టును కలిసి గెలిచిరి. ఆ యెన్నికలలో లిబరల్ పక్షమునకు ఘనవిజయము, లేబరుకు 29 స్థానములు లభించెను. సమ్మె నష్టపరిహారపు భయమును తొలగించు శాసనము ఆ యేడే వెలువడెను. 1911లో సభ్యులకు సాలున 400 పౌనుల వేతన మేర్పడగా బీదవానికిని సభలో కూర్చుండుట సాధ్యమయ్యెను.

కాని మైత్రిని మించి కాలము నడచెను. 1909లో గని కార్మికుల సమాఖ్య లేబరు పక్షమున చేరెను. 1916లో ఆస్క్విత్, లాయడ్ జార్జిల వైరముచే లిబరల్ పక్షము చీలెను. 1918లో వోటుహక్కు విస్తరించెను. 1923 యెన్నికలలో లేబరు పక్షమునకు 191 స్థానములు లభింపగా, లిబరల్ పక్షము వెనుకబడెను. 1924 జనవరిలో ఆస్క్విత్ మద్దతుతోనే మెక్డొనాల్డ్ ప్రధాని యయ్యెను. ఆ యేటి అక్టోబరు యెన్నికలలో లిబరల్ పక్షమునకు మిగిలినవి 40 స్థానములే.

ఈ పతనమునకు 1903 నాటి ఒడంబడికయే కారణమనుట న్యాయముకాదు. యుద్ధమును, అంతఃకలహమును అంతకంటె బలమైన హేతువులు. అయినను ఒక సత్యము మిగులును. లిబరల్ సంఘములు తమ యింట కార్మికునకు సమానస్థాన మిచ్చియుండినచో, అతడు వేరిల్లు కట్టుకొనవలసిన యగత్యము కలిగెడిది కాదేమో! లోపల నిరాకరించిన దానినే వారు వెలుపల పొత్తు పేరిట ఇచ్చిరి.

1977 మార్చిలో పాత్రలు తారుమారయ్యెను. ఆధిక్యమును కోల్పోయిన కల్లహాన్ లేబర్ ప్రభుత్వమును డేవిడ్ స్టీల్ నాయకత్వమున 13 మంది లిబరల్ సభ్యులు నిలిపిరి. ఆ పొత్తును మరుసటి యేడే ముగిసెను. స్థానములను పంచుకొనుట సులభము. గౌరవమును పంచుకొనుటయే కష్టము.